తెలుగు అక్షరాలతో చార్టులు: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో నా అనుభవం

హైదరాబాద్ జంట జలాశయాలు గండిపేట, హిమాయత్‌సాగర్ నీటి మట్టాల మీద తెలుగులో ఒక నాలుగు పేజీల కరపత్రం వేద్దామని మా బృందం అనుకుంది. అందులో చార్టుల పని నాకు వచ్చింది. మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు బస్తీల్లో పంచడానికి ఆ కరపత్రం. వాన గట్టిగా కురిసి జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు వెళ్ళేది ఆ ఇళ్ళ పక్కనుంచే. జలాశయం ఏ నెలలో ఎంత నిండుతుంది, పూర్తి మట్టానికి ఎంత దూరంలో ఉంది అన్నది అంకెల పట్టికగా ఇస్తే చదివేవాళ్ళు తక్కువ. ఒక గీతగా చూపిస్తే చూస్తారు. అందుకే ఆ గీత మీద ఉండే ప్రతి అంకె, ప్రతి అక్షరం సరిగ్గా ఉండాలని నాకు పట్టుదల పెరిగింది.

గీయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ (చార్టులు గీసే రెడీమేడ్ కోడ్) వాడాను. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెర మీద చూసుకోవడానికి మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. 2003లో బయటికి వచ్చింది. 2012లో ఆయన చనిపోయాక కూడా ఎంతోమంది కలిసి దాన్ని నడిపిస్తున్నారు. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఒకసారి రాసిన కోడ్‌ని ఏటా కొత్త డేటాతో మళ్ళీ నడపొచ్చు. మాలాంటి చిన్న బృందాలకు ఆ రెండూ చాలా పెద్ద విషయాలు.

ఈ పనంతా చేశాక నాకు గట్టిగా అనిపించింది ముందే చెప్తాను. చార్టు బాగా రాలేదని మనం అనుకునే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం చార్టులో ఉండదు. కొన్ని దానికంటే ముందు, డేటాలో ఉంటాయి. కొన్ని దాని తర్వాత, కాగితంలో ఉంటాయి. మధ్యలో కూర్చుని ఫాంటు సైజు తగ్గించుకుంటూ, అక్షరాలు తిప్పుకుంటూ ఉంటే పొద్దు పోతుంది గానీ పని తెగదు.

తేదీలతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికీ ముందు తగిలేది అదే. నాకు వచ్చిన ఎక్సెల్ ఫైళ్ళలో రోజువారీ మట్టాలున్నాయి. వాటిని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మార్చి, చదివించి గీయగానే కింది గీత దగ్గర ఒక నల్లటి పట్టీ వచ్చింది. దగ్గరగా చూస్తే అది పట్టీ కాదు, ఒకదాని మీద ఒకటి పడిన వేల తేదీలు. ఇలాంటప్పుడు అక్షరాలను తొంభై డిగ్రీలు తిప్పమని ఎక్కువమంది సలహా ఇస్తారు. తిప్పినా అది అలాగే ఉంటుంది. అసలు సంగతేమిటంటే, ఆ కాలమ్ మనకు తేదీలా కనిపిస్తుంది గానీ లైబ్రరీకి అది వట్టి అక్షరాల వరుస. అక్షరాల వరుస ఇస్తే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్రతిదాన్నీ ఒక విడి పేరుగా తీసుకుంటుంది. పేర్లన్నీ రాయాలి కదా అని అన్నీ రాస్తుంది. పట్టికలు చదివే పాండాస్ అనే ఇంకో లైబ్రరీలో, ఏ కాలమ్‌లో ఏ రకం డేటా ఉందో చెప్పే డీటైప్స్ అడిగితే ఆ కాలమ్ ఎదురుగా తేదీ అని కాకుండా ఆబ్జెక్ట్ అని ఉంది. జవాబు అక్కడే దొరికింది.

పాండాస్‌లోని టు డేట్‌టైమ్‌తో మార్చగానే కింద ఐదారు సంవత్సరాల గుర్తులు మాత్రమే మిగిలాయి. అయితే అక్కడ ఇంకో గొయ్యి ఉంది. మన దగ్గర తేదీ రోజుతో మొదలవుతుంది, ఆ తర్వాత నెల. 03-07-2020 అంటే మనకు జులై 3. ఏమీ చెప్పకుండా ఇస్తే పాండాస్ దాన్ని మార్చి 7 అనుకుంటుంది. పాత వెర్షన్లు ఒక్కో తేదీనీ విడిగా ఊహించేవి. అంటే 12వ తేదీ వరకు రోజు, నెల తారుమారై, 13 నుంచి సరిగ్గా చదివేవి. గీత ముందుకీ వెనక్కీ ఉరుకుతూ రంపపు పళ్ళలాగా వచ్చేది. 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మొదటి తేదీని చూసి ఒకే పద్ధతి అనుకుని, కుదరకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది మంచి మార్పు. ఎలాగైనా ఫార్మాట్ మనమే చెప్పడం మేలు: రోజుకి పర్సెంట్ చిన్న డి, నెలకి పర్సెంట్ చిన్న ఎం, నాలుగంకెల సంవత్సరానికి పర్సెంట్ పెద్ద వై, మధ్యలో అడ్డగీతలు.

అదే డేటాలో మధ్యమధ్య కొన్ని రోజుల లెక్కలు లేవు. లైబ్రరీ ఆ ఖాళీని పట్టించుకోదు, ఇటు చివర నుంచి అటు చివరకి తిన్నగా గీత లాగేస్తుంది. చూసేవాళ్ళకి ఆ రోజుల్లో నీరు మెల్లగా తగ్గినట్టో పెరిగినట్టో అనిపిస్తుంది. అది నాకు నచ్చలేదు. పాండాస్‌లోని ఆస్‌ఫ్రీక్‌తో రోజువారీ వరుస పూర్తిగా నింపితే లేని రోజుల్లో నాన్ అని, అంటే విలువ లేదన్న గుర్తు, చేరుతుంది, గీత అక్కడ తెగుతుంది. లెక్క లేని చోట చార్టులో కూడా ఖాళీ కనపడాలి. వరదల గురించి చెప్పే కాగితంలో ఊహించి గీసిన గీత ఉండకూడదు.

క్యూసెక్కుల కాలమ్‌లో ఇదే తరహా సమస్య ఇంకో రూపంలో వచ్చింది. నిలువు గీత మీద అంకెలు వరుస లేకుండా ఉన్నాయి, 1,200 పైన 500, దాని పైన 3,400. ఫైల్లో అంకెలకు కామాలున్నాయి, కామా ఉంటే అది అంకె కాదు, అక్షరం. కాబట్టి ఫైల్లో ఏది ముందు కనిపిస్తే దాన్ని కింద పెట్టుకుంటూ పోయింది. ఫైలు చదివేటప్పుడు థౌజండ్స్ అనే చోట కామా ఇస్తే సరిపోయింది.

ఇక అడుగుల దగ్గరికి. గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.50 అడుగులు. వేసవిలో ఒక వారం మట్టాలు గీస్తే తేడా అడుగులోపే. అప్పుడు నిలువు గీత మీద 0.0, 0.2, 0.4 అని వచ్చి, పైన మూల ఎక్కడో చిన్నగా ప్లస్ గుర్తుతో 1.785ఈ3 అని కనిపిస్తుంది. అన్ని అంకెల్లో కామన్‌గా ఉన్న 1785ని బయటికి తీసి, మిగిలిన తేడా మాత్రం రాసిందన్నమాట. సైంటిస్టులకు అది ఉపయోగం కావచ్చు. బస్తీలో ఇచ్చే కాగితం మీద గండిపేట మట్టం 0.4 అని ఉంటే చెరువు ఎండిపోయిందనుకుంటారు. టిక్‌లేబుల్ ఫార్మాట్‌లో యూజ్ ఆఫ్‌సెట్‌ని ఫాల్స్ చేస్తే పూర్తి అంకెలు వస్తాయి. నేనైతే దాన్ని సెట్టింగుల్లో శాశ్వతంగా ఆపేశాను.

నిల్వ లెక్కల్లో అలాంటిదే 1ఈ9 అని పైన వచ్చింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. డేటా ఘనపుటడుగుల్లో ఉంటే లైబ్రరీ ఆ తొమ్మిది సున్నాలనూ అలా కుదిస్తుంది. స్టైల్‌ని ప్లెయిన్ చేస్తే సున్నాలన్నీ వరుసగా వచ్చి పడతాయి, అదీ చదవలేం. ఇక్కడ ఫార్మాటింగ్‌తో పని లేదు. గీసేముందే కాలమ్‌ని వంద కోట్లతో భాగించి టీఎంసీల్లోకి మార్చాను. ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ 2.97 టీఎంసీలు అంటే రోజూ పేపరు చదివేవాళ్ళెవరికైనా తెలుస్తుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అన్న లెక్కను కూడా చార్టు కింద ఒక వరుసలో రాశాను. పెద్ద అంకెలు తప్పనిసరైన చోట మాత్రం మన పద్ధతిలో 1,20,000 అని రావడానికి ఒక చిన్న ఫంక్షన్ రాసి, గీత మీది అంకెలను మనం చెప్పినట్టు రాసే ఫంక్ ఫార్మాటర్‌కి ఇచ్చాను. చివరి మూడంకెలు ఒకటిగా, మిగతావి రెండేసి చొప్పున విడదీయడమే ఆ ఫంక్షన్ పని. పైథాన్ తనంతట తాను 120,000 అనే రాస్తుంది.

రెండు జలాశయాలనూ ఒకే చార్టులో చూపించాలన్నప్పుడు నేను ముందు చూసిన దారి ట్విన్ ఎక్స్, అంటే ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఇంకో కొలత. అందరూ చెప్పేది అదే. గీశాక చూస్తే రెండు గీతలు ఒకచోట ఒకదాన్నొకటి దాటాయి. ఆ దాటడానికి అర్థం లేదు, ఎడమ కొలత కొంచెం జరిపితే ఇంకోచోట దాటుతాయి. ఆ చిత్తు ప్రతిని చాదర్‌ఘాట్‌లో ఒక పెద్దమ్మకి చూపించాను. ఆమె రెండు గీతల్నీ వేలితో చూపించి, "బిడ్డా, ఇవన్నీ గాదు, నిండనీకి ఇంకెంత ఉంది, గది చెప్పు" అంది.

ఆ మాటతో చార్టు మారిపోయింది. ప్రతి రోజు మట్టంలోంచి ఆ జలాశయం పూర్తి మట్టాన్ని తీసేశాను. ఇప్పుడు సున్నా అంటే నిండినట్టు, మైనస్ 5 అంటే నిండడానికి ఇంకా ఐదడుగులు. రెండు జలాశయాలకూ ఒకటే కొలత, ఒకటే నిలువు గీత. సున్నా దగ్గర యాక్స్ హెచ్‌లైన్‌తో ఒక లావు గీత పెట్టి దాని మీద 'పూర్తి మట్టం' అని రాశాను. 2020 అక్టోబరు మధ్యలో హిమాయత్‌సాగర్ గీత ఎలా పైకెగసి ఆ లావు గీతను తాకిందో ఎవరూ వివరించకుండానే కనిపిస్తుంది. ఆ 13వ తేదీ రాత్రే అక్కడ గేట్లు ఎత్తారు. మూసీ ఒడ్డు వాళ్ళకి ఆ రాత్రి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత ఊరిని కాపాడటానికి కట్టిన జలాశయాలివి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వాటి చార్టు చూసి ఆ ఒడ్డునున్న మనిషి తనకు కావలసింది తెలుసుకోగలగాలి.

బార్లు వాడొద్దా అని మా బృందంలో ఒకరు అడిగారు. బార్ అంటే దాని పొడవే విలువ కాబట్టి సున్నా నుంచి మొదలవ్వాలి. 1,785, 1,788 అడుగులను సున్నా నుంచి గీస్తే రెండూ ఒకటే ఎత్తు. 1,770 నుంచి మొదలుపెడితే మూడడుగుల తేడా మూడంతస్తుల తేడాలా కనిపిస్తుంది. మట్టాలకి గీతే సరైనది.

ఇక కాగితం. మా కరపత్రం ఒక ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచి చేసినది, కాబట్టి ఒక్కో పేజీ ఏ5, అంటే 5.83 అంగుళాల వెడల్పు. అంచులు పోగా చార్టుకి మిగిలేది 4.8 అంగుళాలు. నేను మొదట ప్రెస్‌కి పంపిన నమూనా 14 అంగుళాల వెడల్పుతో తయారైంది, ల్యాప్‌టాప్ మీద చాలా బాగుంది. డీటీపీ అన్న దాన్ని పేజీలో పెట్టి ప్రింటు తీసి ఫోన్ చేశాడు. "మేడమ్, గీ అక్షరాలు కనవడ్తలేవు. జర పెద్దగ చేసి పంపరాదు?"

ఎందుకు కనపడవో లెక్క వేస్తే తెలుస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫిగర్, అంటే బొమ్మ మొత్తం, సైజు అంగుళాల్లో ఉంటుంది, ఫాంటు సైజు పాయింట్లలో ఉంటుంది, అంగుళానికి 72 పాయింట్లు. ఏమీ చెప్పకపోతే ఫిగర్ 6.4 బై 4.8 అంగుళాలు, అక్షరాలు 10 పాయింట్లు. 14 అంగుళాల బొమ్మను 4.8 అంగుళాలకు కుదిస్తే అక్షరం కూడా మూడోవంతుకు దిగి మూడున్నర పాయింట్లవుతుంది. అంత చిన్న తెలుగు అక్షరంలో ఒత్తులు చదవడం ఎవరి తరమూ కాదు. చాలామంది ఇక్కడ ఫాంటుని 24కో 28కో పెంచుతారు, అప్పుడు గీతలు సన్నగా, గుర్తులు చిన్నగా మిగిలిపోయి ఇంకొకటి చెడుతుంది. నేను ఫిగర్‌నే 4.8 బై 3 అంగుళాలకి మార్చి, అక్షరాలు 9 పాయింట్లు పెట్టాను. కాగితం మీద ఎంత ఉండాలో అంతే గీయడం. ఆ తర్వాత ఎవరూ దాన్ని సాగదీయకూడదు, కుదించకూడదు. ఈ ఒక్క అలవాటు వల్ల లేబుళ్ళు గుద్దుకోవడం, గీతలు సన్నబడటం లాంటి చిన్న చిన్న ఇబ్బందులు చాలావరకు పోయాయి.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్నది, వేరే సంగతి. దాన్ని 100 నుంచి 300కి పెంచితే పిక్సెళ్ళు పెరిగి బొమ్మ స్పష్టంగా వస్తుంది, అక్షరానికీ చార్టుకీ ఉన్న నిష్పత్తి మారదు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని డీపీఐ పెంచితే లాభం లేదు.

అంచుల్లో అక్షరాలు తెగిపోతుంటే, బొమ్మను ఫైలుగా దాచే సేవ్‌ఫిగ్‌లో బీబాక్స్ ఇంచెస్‌కి టైట్ ఇవ్వమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. పని చేస్తుంది. కానీ అది బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించో, బయటికి పొడుచుకొచ్చిన అక్షరాన్ని కలుపుకునో ఫైలు సైజునే మార్చేస్తుంది. 4.8 అంగుళాలని మనం కష్టపడి పెట్టుకున్నది 4.6 అవుతుంది, ఇంకో చార్టుకి 5 అవుతుంది. పేజీలో పెట్టేటప్పుడు ఒక్కోటీ ఒక్కోలా సాగుతుంది. చార్టు మొదలుపెట్టే సబ్‌ప్లాట్స్ పిలిచేటప్పుడే లేఅవుట్‌ని కన్‌స్ట్రెయిండ్ అని పెడితే సైజు అలాగే ఉంచి లోపలే సర్దుతుంది. ప్రింటు కోసమైతే నా ఓటు దానికే. ఇంకో చిన్న మాట: సేవ్‌ఫిగ్‌ని, చార్టుని తెర మీద చూపించే షోకి ముందు పిలవాలి. కిటికీ మూసేశాక సేవ్ చేస్తే తెల్ల కాగితమే మిగులుతుంది.

కరపత్రం ఒకే రంగులో, నలుపులో వేయాలి. ఖర్చు అంతే పెట్టగలం. పైగా బస్తీల్లో ఒకరి దగ్గరున్నది ఇంకొకరు జిరాక్స్ తీసుకుంటారు. నీలం, ఎరుపు గీతలు తెర మీద ఎంత వేరుగా ఉన్నా, జిరాక్సులో రెండూ దాదాపు ఒకటే బూడిద రంగు. అందుకని ఒక గీత నల్లగా తిన్నగా, రెండోది బూడిదగా ముక్కలు ముక్కలుగా పెట్టాను. ఏ గీత దేనిదో చెప్పే లెజెండ్ డబ్బా అసలు తీసేశాను. ప్రతి గీత చివర దాని పేరు రాస్తే చూసేవాళ్ళ కన్ను అటూ ఇటూ పరిగెత్తక్కర్లేదు. డబ్బా తప్పదనుకున్నప్పుడు దాన్ని చార్టు బయట పెట్టాలంటే ఒక విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. బీబాక్స్ టు యాంకర్ అనేది చోటు, లోక్ అనేది ఆ చోట పెట్టాల్సిన డబ్బా మూల. చోటు 1.02, 1 అని ఇచ్చి లోక్‌కి అప్పర్ లెఫ్ట్ అంటే డబ్బా ఎడమ పై మూల చార్టు కుడి అంచు పక్కన కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, తెలుగు.

'నీటి మట్టం' అని లేబుల్ రాసి నడిపితే చార్టు మీద ఖాళీ డబ్బాలు వచ్చాయి, కింద హెచ్చరిక: గ్లిఫ్ 3112 మిస్సింగ్. గ్లిఫ్ అంటే ఫాంటులో అక్షరం బొమ్మ. 3112 అంటే, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో, న అక్షరం నంబరు. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడేది డేజావూ సాన్స్ ఫాంటు, అందులో తెలుగు లేదు. సరే, నోటో సాన్స్ తెలుగు దించుకున్నాను. మండలి, రామభద్ర లాంటివి కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసినా లైబ్రరీ ఫాంటు లేదనే అంటుంది. దానికి పాత ఫాంట్ల జాబితా ఒకటి దాచిపెట్టుకునే అలవాటుంది. ఫాంట్ మేనేజర్‌లో యాడ్ ఫాంట్‌కి ఫైలు ఉన్న చోటు చెప్తే వెంటనే తీసుకుంది. మా వాళ్ళందరి కంప్యూటర్లలో ఒకేలా నడవాలంటే ఫాంటు ఫైలుని కోడ్ పక్కనే ఉంచి ఇలా పిలవడమే మంచి పద్ధతి.

డబ్బాలు పోయాయి, అక్షరాలు వచ్చాయి. కానీ అది తెలుగు కాదు. 'మట్టం'లో రెండో ట కిందికి దిగకుండా పక్కన నిలబడింది, మధ్యలో ఒక పొల్లు. 'నీటి'లో గుడులు అక్షరం మీద కూర్చోకుండా జరిగిపోయాయి. 'ఉస్మాన్‌సాగర్' చదవడానికి ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అది చూసి నాకు బాధేసింది. ఎంతోమంది ఇలా వచ్చిన దాన్నే సర్దుకుని వాడేస్తారు, లేకపోతే విసిగి ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. మన బడిపిల్లలు ఇలాంటి తెలుగు చూస్తే తప్పు మనదే అనుకుంటారు.

కారణం ఫాంటులో లేదు. యూనికోడ్‌లో 'మట్టం' అంటే మ, ట, పొల్లు, ట, సున్నా, ఐదు విడి గుర్తులు. ట, పొల్లు, ట వరుసగా వచ్చినప్పుడు రెండోదాన్ని ఒత్తుగా మార్చి కిందికి దించాలన్న నియమం ఫాంటు లోపలే రాసి ఉంటుంది. ఆ నియమాన్ని చదివి అమలు చేసే పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఆ పని చేస్తుంది. నా దగ్గరున్న 3.8 వెర్షన్ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఆ మెట్టు లేదు. ఒక్కో గుర్తుకీ ఒక్కో బొమ్మ తీసి వరుసగా పేర్చేస్తుంది. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగుకి, హిందీకి, తమిళానికి చాలదు. కాబట్టి ఎన్ని ఫాంట్లు మార్చినా ఫలితం ఉండదు. ఈ సంగతి తెలియక ఒక ఫాంటు తర్వాత ఇంకో ఫాంటు దించుకుంటూ పోయేవాళ్ళున్నారు, వాళ్ళకోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

దారులున్నాయి. పీజీఎఫ్ అనే బ్యాకెండ్ (బొమ్మను ఫైలుగా రాసే భాగం) వాడి, జీలాటెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం చేత అక్షరాలు వేయిస్తే ఒత్తులు చక్కగా వస్తాయి. కానీ దానికి లాటెక్ మొత్తం ఇన్‌స్టాల్ చేయాలి, మా వాళ్ళ పాత ల్యాప్‌టాప్‌లకి అది బరువు. నాకు కుదిరింది ఎస్‌వీజీ దారి, అంటే బొమ్మను పిక్సెళ్ళుగా కాకుండా గీతల వివరాలుగా దాచే ఫైలు. మామూలుగా ఎస్‌వీజీగా సేవ్ చేస్తే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాలను గీతలుగా మార్చి పెడుతుంది, అంటే విరిగిన తెలుగు విరిగినట్టే గడ్డకడుతుంది. లైబ్రరీ సెట్టింగులుండే ఆర్‌సీ పారామ్స్‌లో ఎస్‌వీజీ డాట్ ఫాంట్‌టైప్‌కి నన్ అనే మాటను కోట్స్‌లో పెట్టి ఇస్తే అక్షరాలను గీయకుండా టెక్స్ట్‌గానే ఫైల్లో రాసేస్తుంది. ఆ ఫైలుని బ్రౌజర్‌లో తెరవగానే 'నీటి మట్టం' నిండుగా, ఒత్తు కిందికి దిగి, గుడి తలమీద కూర్చుని కనిపించింది. ఆ క్షణం కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ప్రెస్‌కి ఆ ఫైలు నేరుగా పంపకూడదు. వాళ్ళ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలో తెరిచి, టెక్స్ట్‌ని పాత్‌లుగా (గీతలుగా) మార్చే ఆప్షన్ పెట్టి పీడీఎఫ్‌గా తీశాను. అప్పటికి ఒత్తులు సరిగ్గా ఉన్నాయి కాబట్టి అవే గీతలుగా మారతాయి. పీడీఎఫ్ చూసిన డీటీపీ అన్న, "ఇప్పుడు మంచిగొచ్చింది మేడమ్, గిట్లనే పంపుండ్రి" అన్నాడు.

ఈ దారిలో తెలుసుకోవాల్సిన చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. లైబ్రరీ లేబుల్ కొలిచేది విడివిడి అక్షరాలతోనే, కాబట్టి ఒత్తులున్న మాటకి అసలు కంటే ఎక్కువ వెడల్పు లెక్కేస్తుంది. ఎడమవైపు ఊళ్ళ పేర్లున్న చార్టులో అనవసరంగా ఖాళీ మిగిలింది. అక్కడ మాత్రం కన్‌స్ట్రెయిండ్‌ని ఆపి సబ్‌ప్లాట్స్ అడ్జస్ట్‌తో చేత్తో సర్దాను. ఎత్తు విషయంలో దీనికి ఉల్టా: ఒత్తు కిందికి దిగుతుందని దానికి తెలియదు, పేజీ అడుగున ఉన్న లేబుల్లో ఒత్తుల కొసలు తెగాయి. అడుగున కొంచెం చోటు వదిలితే పోయింది. రెండు వరుసల శీర్షికలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి, లైన్ స్పేసింగ్ 1.2 నుంచి 1.5కి పెంచితే ఊపిరాడుతుంది. నిలువుగా తిప్పి రాసిన తెలుగు లేబుల్ చదవడం కష్టం. అందుకని నిలువు గీత పేరుని తిప్పకుండా చార్టు పైన ఎడమవైపు అడ్డంగా రాశాను, 'పూర్తి మట్టానికి ఎంత కింద, అడుగుల్లో' అని.

మైనస్ గుర్తు దగ్గర కూడా ఒక డబ్బా వచ్చింది. అంకెల ముందు లైబ్రరీ పెట్టే మైనస్ కీబోర్డు మీది అడ్డగీత కాదు, యూనికోడ్‌లో దానికి వేరే గుర్తుంది. అది కొన్ని తెలుగు ఫాంట్లలో ఉండదు. యాక్సెస్ డాట్ యూనికోడ్ మైనస్‌ని ఫాల్స్ చేయొచ్చు. లేదా ఫాంట్ ఫ్యామిలీగా ఒక్క పేరు కాకుండా జాబితా ఇవ్వొచ్చు, ముందు నోటో సాన్స్ తెలుగు, తర్వాత డేజావూ సాన్స్. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మొదటి ఫాంటులో లేని గుర్తుని రెండోదాంట్లో వెతుక్కుంటుంది. నెలల పేర్లు తెలుగులో రావడానికి పన్నెండు పేర్ల జాబితా ఒకటి రాసి, మంత్ లొకేటర్‌తో గుర్తులు పెట్టి, ఫంక్ ఫార్మాటర్ చేత ఆ పేర్లు వేయించాను. లేబుళ్ళను సెట్ ఎక్స్‌టిక్ లేబుల్స్‌తో చేత్తో అంటించే పద్ధతి ఒకటుంది, దాని జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను. చార్టు పరిధి మారితే గుర్తులు జరుగుతాయి, అంటించిన పేర్లు మాత్రం అదే వరుసలో ఉండిపోతాయి. జులై మట్టం కింద ఆగస్టు అని పడినా ఎవరికీ అనుమానం రాదు.

ఫిగర్ సైజు, ఫాంట్ల జాబితా, ఎస్‌వీజీ సెట్టింగు, ఆఫ్‌సెట్ ఆపడం, నలుపు బూడిద గీతల వరుస, అన్నీ ఒక ఎంపీఎల్ స్టైల్ ఫైల్లో, అంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగుల ఫైల్లో పెట్టాను. ప్రతి స్క్రిప్టులోనూ మొదట ఆ ఫైలుని పిలిస్తే చాలు. మిగిలిన చేతిపని ఇంక్‌స్కేప్ మెట్టు ఒక్కటే. ఇప్పుడు అదే ఫైలుతో హుస్సేన్‌సాగర్ చార్టు చేస్తున్నాం. దాని పూర్తి మట్టం 513.41 మీటర్లు, అడుగుల్లో కాదు. కాబట్టి నిలువు గీత పేరుతో పాటు, తేడాని రెండు దశాంశాలతో చూపించే ఫార్మాటర్ కూడా మార్చాలి. ఈసారి కవాడిగూడ, దోమలగూడ వైపు పంచుతాం.